సాక

ఎతియెన్ సారు ఆయన దేశం పోతూ సైకిల్ నాకు ఇడిసి పొయిండు.
పదహారు గేర్లు, పడేటియి ఆరే.
"ద్రాక్షతోటల నడుమ తిరిగిన బండి, చంద్రమౌళీ,
ఊరూరికి ఆగుడు, గుక్కెడు రుచి చూసుడు, ఉమ్ముడు" అన్నడు.
ఉమ్ముడేంది సారూ, అన్న.
"ముంగట ఇంకా పది ఊర్లుంటయి గదా!"

మా నాయిన మోకు, ముత్తాదు భుజానేసుకొని
అట్లాస్ సైకిల్‌కు నాలుగు లొట్లు కట్టి పొయ్యేటోడు.
నురగ ఊదుకొని తాగినోల్లను చూసిన,
తాగి ఏడ్చినోల్లను చూసిన,
ఉమ్మినోన్ని చూడలె.

జూలై, శుక్రవారం, తెల్లారగట్ల నాలుగు.
నిజ్వా సల్లగ లేదు గని ఊపిరాడుతున్నది.
షఫీకుల్ "పాగల్" అని అటు తిరిగి పండిండు.

ఫర్క్ దాటినంక తోటలు.
మట్టి గోడల మీదికెల్లి ఖర్జూరాలు,
గెలగెలకు వల సంచి.
మా ఈత చెట్లకు పెద్దవ్వ బిడ్డలియి.
నా కుడి చెయ్యి హ్యాండిల్ ఇడిసిపెట్టింది.
గాటు యాడ పడాల్నో చెట్ల మెడలల్ల దేవులాడుకుంటది, పాడు చెయ్యి.
మా దిక్కు ఈ ఏడు తూర్పుకు గీస్తే మీదేడు పడమటికి,
గాట్లు లెక్కవెట్టి చెట్టు వయసు చెప్తడు నాయిన.
ఇక్కడ ఒక్క మెడకు గాటు లేదు.
ఊటంత పైకి పొయ్యి పండైతున్నది.
గీయకపోతే చెట్టు ఏం జేస్తదో తెల్వడానికి
నాకు నలభై రెండేండ్లు, ఒక వీసా పట్టింది.

మసీదు గోడకు నీళ్ళ కూలర్. సబీల్ అంటరు.
సచ్చిపొయినోల్ల పేరు మీద పెడ్తరు, ఎవలన్న తాగొచ్చు.
గ్లాసు నింపి మొదలు నేల మీద ఇంత వంచిన,
ఎల్లమ్మ తల్లికి సాక.
చెప్పులిప్పుతున్న ముసలాయన "లా, లా" అన్నడు,
నీళ్ళు పారబొయ్యద్దని చెయ్యి ఊపిండు.
ఆయన మాటా నిజమే.
ఎల్లమ్మను అరబ్బీల ఎట్ల చెప్పాలె?
నాకచ్చిన అరబ్బీల పైపులు, వాల్వులు, జీతం ఉంటయి, అంతే.

రెండో కూలర్ కాడ వేలి కొసతోని ఒక్క సుక్క.
దాని నీళ్ళు ఇనుము రుచి.
మూడోదాంట్ల ఎవలో గులాబి నీళ్ళు కలిపిండ్రు,
తల్లికి గాదు, నాకే రెండు గ్లాసులు.
నాలుగోది ఖరాబ్ అయింది. దాని కింద పిల్లి పండుకున్నది.

బిర్కత్ అల్ మౌజ్. ఎండ నెత్తికెక్కింది.
గుట్ట ఎక్కే తొవ్వ మొదట్ల పోలీసు ఆపిండు:
నాలుగు చక్రాలకూ గుంజుడున్న బండ్లకే ఇడుస్తరట.
నా చక్రాలు లెక్కవెట్టి రెండు వేళ్ళు చూపిండు,
ఇద్దరం నవ్వినం.
పైన ఏముంటది అన్న. "ఇనబ్" అన్నడు.
తెల్వలె.
అప్పుడే గుట్ట దిగిన పికప్పాయన
అట్టపెట్టెలకెల్లి ఒక గుత్తి తీసి నా చేతుల వెట్టిండు:
బుడ్డబుడ్డయి, దుమ్మువట్టినయి,
ద్రాక్షలు!

ఎడారిల సారు తోట.
పుల్లగున్నయి, సారూ, పండ్లు జివ్వుమన్నయి.
గింజలు ఉమ్మిన.
మీరు చెప్పినదాంట్ల అదొక్కటే చెయ్యొచ్చింది.

మర్లినంక ఆరో గేరు కూడ ఇడిసింది.
సగం తొవ్వ సైకిల్‌ను నేను నడిపిచ్చిన.
సీసల నీళ్ళు చాయలెక్క కాలుతున్నయి.
రూముల షఫీకుల్ వాడిపొయిన గుత్తిని తిప్పితిప్పి చూసి
రెండు తిని, మిగిలినయి ఉప్పుల ఏసిండు.

ఒక గింజ నా పంటి సందుల ఇరికింది.
రాత్రంత నాలికతోని గెలికిన, రాలె.
పొద్దుగాల లైను మీద బోల్టు బిగిస్తుంటే ఊడింది.
ఉమ్మబుద్ధి గాలె.
మింగిన.