కిందికి పోయే దారి

కొర్లగుంట సందులో మా కొట్టు.
బోర్డు మీద 'నికెల్, రాగి, వెండి పూత',
వెండిలో సున్న ఎప్పుడో రాలిపోయింది.
కాలేజీ విడిచాక వచ్చి
నేను కొక్కేలు తోముతాను, లెక్క రాస్తాను.

మొన్న పరీక్షలో అడిగారు:
కాథోడ్ ధనమా, ఋణమా?
ఋణం అని రాసి రెండు మార్కులు పోగొట్టుకున్నాను.
ప్రశ్నలో ఉన్నది బ్యాటరీ.
మునిశేఖరం మేస్త్రి నవ్వినాడు:
"గుర్తుతో నీకేం పనిమే?
తొట్టిలో మైనస్సు, సెల్లులో ప్లస్సు.
యాడున్నా దాని పని ఒకటే,
తీగలో వచ్చింది తెచ్చి నీళ్ళకిచ్చేది."

కల్యాణకట్టలో కత్తి పట్టే పొన్నుస్వామి
ఇత్తడి గిన్నె తెచ్చినాడు.
ముప్పై ఏళ్ళ తడికి అంచంతా చిలుము.
"మా కాడికి అందరూ తగ్గించుకోను వచ్చేవాళ్ళే పాపా,
బరువెక్కి పోయినోణ్ణి ఒకణ్ణీ చూళ్ళేదు."

తూచాను: నాలుగు వందల పన్నెండు గ్రాములు.
సోడాలో కడిగి, ఆసిడ్‌లో ముంచి తీసి,
రాగితీగకు కట్టి
పచ్చిమామిడి రంగు నీళ్ళలోకి దించాను.
అటొకటి ఇటొకటి నికెల్ పలకలు.
కరిగేది అవే. వాటినెవరూ చూడరు.

తీగ దిగిన ఎలక్ట్రాన్లు గిన్నె ఒంటినిండా నిలబడి
తేలుతూ వచ్చిన ప్రతి నికెల్ అయానుకూ
రెండేసి చేతిలో పెడతాయి.
అంతదాకా నీళ్ళలో తిరిగింది
అక్కడ లోహమై కూర్చుంటుంది.
పుస్తకం దీన్ని క్షయకరణం అంటుంది.
క్షయమేమిటో నాకు చాన్నాళ్ళు తెలీలేదు.
తగ్గేది ఆవేశం.
బరువు కాదు.

కాథోడ్ అంటే పాత గ్రీకులో
కిందికి పోయే దారి అట, అన్నాను.
పొన్నుస్వామి మోకాళ్ళు నిమురుకున్నాడు.
"కొండెక్కేదానికి మొక్కుకుంటారు గానీ
దిగేదానికి ఎవురు మొక్కుతారు?
అలిపిరి మెట్లు దిగేటప్పుడు గదా
మోకాళ్ళుండేది తెలిసేది!"

అప్పుడే కరెంటు పోయింది.
రెక్టిఫయర్ మూలుగు ఆగింది.
మేస్త్రి చీకట్లోనే గిన్నెను చటుక్కున లేపినాడు.

సెల్లు వెలుతురులో మళ్ళీ తూచాను:
నాలుగు వందల పదమూడున్నర.
వెన్నెల పూసినట్టుంది గిన్నె,
తీగ కరుచుకున్న చోట మాత్రం
మెంతిగింజంత పసుపు మచ్చ.
"ఇదేంది, ఈడ ఎక్కలేదే?"
"కరెంటు లోపలికొచ్చిన వాకిలి అది" అన్నాడు మేస్త్రి.
"ఇంగోసారి ముంచమంటే ముంచుతా."
పొన్నుస్వామి బొటనవేలితో తడిమి
"ఉండనీలే" అన్నాడు.
డబ్బులు జీతంనాడు ఇస్తానన్నాడు.

కొవ్వొత్తి వెలిగించి ఖాతా తీశాను.
పొన్నుస్వామి, గిన్నె ఒకటి,
ఋణం, నూట ఎనభై.

ఈసారి తప్పు లేదు.