రెండు వేళ్ళ వదులు

కెర్మాన్‌కి దక్షిణాన కొండమీద మంచు
దువ్వెన పళ్ళలో చిక్కిన నెరిసిన వెంట్రుకలంత మిగిలింది.
ఇంకో పది రోజులాగితే
మధ్యాహ్నాలు గదిలోకొచ్చి కూర్చుంటాయి,
లెమ్మన్నా లేవవు.

అందుకే డాబా ఎక్కాను,
మలుపు మలుపుకీ మోకాలికి నచ్చజెప్పుకుంటూ.
సంచిలో పటకారు, స్క్రూడ్రైవరు, సీసాడు వెనిగరు,
గ్రీజు డబ్బా, కొత్త బెల్టు.
చంకలో మూడు చెక్కతరుగు చాపలు,
పోప్లార్ మాను వాసన ఇంకా వాటిని వదల్లేదు.

పైన ఆరు కూలర్లు.
ఐదు చలికాలమంతా బోసిగానే నిలబడ్డాయి.
నాది కప్పి ఉంది.

నేను కప్పలేదు.
ఆకులు రాలే నెలలో నేను ఆసుపత్రిలో ఉన్నాను,
మోకాలి చిప్ప మార్పించుకుంటూ.

ఆకుపచ్చ టార్పాలిన్, నాలుగు మూలలా నాలుగు తాళ్ళు.
ముడి చూశాను.
బందర్ అబ్బాస్ దారిలో ముప్ఫై ఏళ్ళు లారీ తోలిన చెయ్యి వేసే ముడి,
లాగితే బిగుస్తుంది, తోక పట్టుకుంటే జారిపోతుంది.
ఈ మేడలో అది ఒక్కడికే వచ్చు.
రెండో అంతస్తు ఇస్ఫందియార్.

మా మధ్య మాటల్లేవు, మూడేళ్ళుగా.
నా కూలరు చుక్క చుక్కగా కారి
అతని కారద్దం మీద ఉప్పు పొక్కులు లేపింది.
అతనన్నది నేను మర్చిపోలేదు.
నేనన్నదాన్ని పైకి చెప్పను.
ఆ కారు అమ్మేసి కూడా ఏడాది దాటింది.

తాడు తోక లాగాను.
లోపల పంపు పాత పేపర్లో చుట్టి ఉంది.
తొట్టి పొడిగా తుడిచి ఉంది.
నీళ్ళ గొట్టం విప్పి, మూతికి గుడ్డ కుక్కి ఉంది,
గడ్డుచలి నలభై రోజుల్లో రాగి పగలకుండా.
పేపర్లో గళ్ళ నుడికట్టు సగం నింపి ఉంది.
నిలువు పదకొండు తప్పు రాశాడు.

పాత చాపలు చేతిలో అప్పడాల్లా విరిగాయి.
కొత్తవి బిగించాను. వెనిగరు పోసి తొట్టి గీకాను.
బేరింగుకి గ్రీజు పెట్టాను.
బెల్టు మరీ బిగిస్తే బేరింగుని తినేస్తుంది,
మరీ వదిలితే వీధంతా వినేలా కీచుమంటుంది.
నడుమ నొక్కితే రెండు వేళ్ళ మందం దిగాలి.

ఇక తిప్పి చూడాలి.
దానికి ఇద్దరు కావాలి,
పైన ఒకరు, కింద స్విచ్చు దగ్గర ఒకరు.
నిరుడు ఎదురింటి సియామక్ ఉన్నాడు.
ఇప్పుడు సైన్యంలో ఉన్నాడు.

పిట్టగోడ మీంచి వంగి చూశాను.
వాకిట్లో బట్టతల, దానిమ్మ మొక్కకి నీళ్ళు పోస్తూ.
టార్పాలిన్ తాళ్ళు నాలుగూ ఒకటిగా కట్టి
కొసకి మా ఇంటి తాళంచెవి తగిలించి వదిలాను.
గోడకి టక్కు టక్కుమని తగులుతూ దిగి
అది అతని చెవి పక్కన ఆగింది.

పైకి చూశాడు. చెవిని చూశాడు.
నీళ్ళ గొట్టం కింద పెట్టాడు.
నా ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది పాపం.

కాసేపటికి వెలుతురు సందులోంచి గొంతు.
"ఊఁ?"
"పంపు," అన్నాను.

నీళ్ళు గుటకలేస్తూ పైకెక్కాయి.
చాపలు అంచులనుంచి నల్లబడ్డాయి.
"స్లో."
చక్రం దగ్గింది, తిరిగింది.
"ఆపు! ఆపు!"
ఆపండి అనాల్సింది. బెల్టు పక్కకి జారింది మరి.
సరిచేశాను.
"ఇప్పుడు ఫాస్ట్."
"ఎటు తిప్పాలి?"
"కుడికి. మీదీ ఇలాంటిదేగా."

కొంచెం ఆగి అన్నాడు,
"నాది తిరిగి రెండేళ్ళయింది."

"మోటారా, పంపా?"
జవాబు లేదు.
మా హాల్లో గాలి దిగే జాలీ కింద నిలబడి ఉంటాడు,
తడిచెక్క వాసన ఆ బట్టతల మీద పడుతూ ఉంటుంది.
"ఇక్కడ వానొచ్చినట్టుంది," అన్నాడు చివరికి.

నేనప్పటికే అతని కూలరు పక్క తలుపు ఊడదీశాను.
లోపల పావురం.
నన్ను చూసింది, కదల్లేదు.
దాని పొట్ట కింద తెల్లగా రెండు.

తలుపు మెల్లిగా ఆనించి
సందులోకి వంగి అరిచాను,
"మీది ఇంకో నెల ఆగాలి!"