మడ్డి

హల్ రేవులో ఇవాళ తూర్పుగాలి.
అంటే ఊరంతా మా ట్యాంకుల వాసన,
తోమకుండా వదిలేసిన మూకుడు వాసన.
బస్సులో నా పక్క సీటు
చివరి స్టాపు దాకా ఖాళీ.
సంచీ పెట్టుకుంటాను.

పచ్చపూల చేలలో కాసిన గింజ, ఆవాలకు దాయాది.
దాని నూనెను కాస్టిక్‌తో కడిగితే
తేటంతా సీసాల్లోకి పోయి
అడుగున దిగింది నా దగ్గరికొస్తుంది:
సగం సబ్బు, సగం జిగురు,
గరిటె వేస్తే గరిటె నిలబడేంత చిక్కన.

ఏడో తరగతిలో లెక్కల మేష్టారు
బోర్డు దగ్గర నిలబెట్టి మడ్డిబుర్ర అన్నాడు.
మడ్డికి లెక్క కట్టేది ఇప్పుడు నేనే మేష్టారూ,
నూటికెంత కొవ్వో
రెండో దశాంశం దాకా.

రాత్రి రెండు. తొంభై డిగ్రీలు.
ఆవిరిగొట్టం గొణుగుతోంది.
ఆక్స్‌టోబీ ఆమ్లం వాల్వు తిప్పుతాడు,
పొదిగే కోడి కింద చెయ్యి పెట్టినంత మెల్లగా.
పాలు విరిగినట్టు సబ్బు విరుగుతుంది.
పైకి ముదురు తేనెరంగు నూనె,
కిందికి పుల్లనీళ్లు,
నడుమ ఒక మబ్బుపొర,
నూనెతో పోదు, నీళ్లతో రాదు.

ఇక్కడ నాకూ నోరు దురద పెడుతుంది,
రెండు దేశాల నడుమ నేనూ ఇంతేనని.
అనను.
అది గింజలోని జిగురు, అంతే.
దానికి కావలసింది పోలిక కాదు,
ఇంకో నాలుగు గంటలు.

"కదపకు," అంటాడు ఆక్స్‌టోబీ,
"విడిపోయేది ఎలాగూ విడిపోతుంది.
కెలికావో, మళ్లీ మొదటికే."
తన రెండో పెళ్లి గురించీ
ఇదే మాటన్నాడొకసారి, శాండ్‌విచ్ నములుతూ.

కదపలేదు.
టీ చల్లారింది. కిటికీ అవతల హంబర్ నది,
అదీ మా సరుకు రంగే,
పోటు మీద రెండు ఓడ దీపాలు మోసుకుంటూ.
ఫ్లాస్కులో ఒక్కో చుక్కా వదిలాను.
ఆఖరి చుక్కకు గులాబీరంగు తిరిగి
ముప్పై సెకన్లు నిలిచింది.
నేనూ ఊపిరి తియ్యలేదు.

తెల్లారేసరికి గాజుగొట్టంలో గీత తేటపడింది.
ఆక్స్‌టోబీ స్పానరుతో దాన్ని రెండుసార్లు తట్టాడు,
అదే ఆయన మెచ్చుకోలు.
కింది వాల్వు తెరిచి నీళ్లు వదిలాం.
నూనె ట్యాంకర్ ఎక్కింది,
ఎవరి సబ్బుకో, ఏ కొవ్వొత్తికో,
ఏ కోళ్ల మేతకో, బిల్లు మీద రాయరు.

చేతులు కడుక్కున్నాను.
నురగ బాగానే వచ్చింది. వాసన పోలేదు.

నడిమి పొర బొటనవేలి మందాన మిగిలే ఉంది.
పారబోయం.
రేపటి మడ్డిలో కలుపుతాం.