పై భారం

నయీంనగర్ నాలా పక్కన
మొగిలి డీటీపీ షాపులో
పేజీకి నూటయిరవై చొప్పున
నేనొక అడవిని తెలుగులోకి దించుతున్నాను.

మూడు వందల పేజీల నివేదికకు
పద్దెనిమిది పేజీల సారాంశం.
జనం భాషలో ఇవ్వాలని రూలు.
శుక్రవారం లోపు కావాలని కన్సల్టెంట్ ఫోను.

మొదటి పేరాలో జాతీయ విధానం
పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా
ముందు వరసలో కూర్చుంది.
సుస్థిరాభివృద్ధి, భావితరాల వాటా,
ముందుజాగ్రత్త సూత్రం.
మంచి మాటలే. టైపు చేస్తుంటే నాకే ముచ్చటేసింది.
ముందుజాగ్రత్త అంటే మా అమ్మ,
మృగశిర రాకముందే పిడకలు అటకెక్కించేది.

ఆరో పేజీ నుంచి మాటలు మొరాయించాయి.

ప్రభావం: స్వల్పం.
దుమ్ము స్వల్పం. చప్పుడు స్వల్పం.
బావులు అడుగంటడం స్వల్పం, అదీ తాత్కాలికం.
పదకొండు చోట్ల అదే మాట, కాపీ, పేస్టు.
మొగిలి నవ్వాడు:
"అన్నా, గీ మాటకు పైసలు ఒక్కసారే ఇస్తరు."

జంతువుల పట్టికలో
కాకి, ఉడుత, ముంగిస, ఊరకుక్క.
తునికాకు కోసేవాళ్లు దూరం నుంచే వాసన పట్టే
ఎలుగుబంటి లేదు.
ఇప్పచెట్టు లాటిన్ పేరుతో ఉంది.
చీకటుండగానే దాని కిందికి
గంపలతో చేరేవాళ్లు
ఏ భాషలోనూ లేరు.

ఇక ఓవర్‌బర్డెన్.
బొగ్గు మీద ఉన్నదంతా అదే.
నిఘంటువు తీస్తే 'పై భారం' అంది.
బొగ్గు నెత్తిన అంత బరువేముందని పటం చూశాను.
మక్కచేను ఉంది. గొర్రెల దొడ్డి ఉంది.
బడి వెనక సున్నంతో గీసిన కబడ్డీ కోర్టు ఉంది.
పురిట్లో పోయిన పిల్లల్ని పూడ్చే మొరం దిబ్బ ఉంది.

'అదనపు మట్టి' అని కొట్టాను.
అంతకన్నా మంచి మాట దొరకలేదు.
వెతికితే దొరికేదేమో.
శుక్రవారం వచ్చేసింది.

ప్రజాభిప్రాయ సేకరణ నాడు
నాకు పని లేకున్నా వెళ్లాను.
భూపాలపల్లి దాటాక బస్సు
బొగ్గు లారీల వెనక దగ్గుతూ నడిచింది.
షామియానా. వేదిక వైపు తిరిగిన కూలర్లు.
జనం కంటే కొంచెం తక్కువ పోలీసులు.
స్పైరల్ బైండింగులో నా పద్దెనిమిది పేజీలు
గాలికి తమను తామే చదువుకుంటున్నాయి.

కోరె ఐలవ్వ మైకందుకుంది.
భుజాన గొంగడి.
పాలు తాగని గొర్రెపిల్ల మూతిని పట్టినట్టు
మైకును గట్టిగా పట్టుకుంది.

"నాకు సదువు రాదు. మన్మరాలు సదివి చెప్పింది.
అదనపు మట్టి అని రాసిండ్రట.
ఏది సారూ అదనం?
మా అయ్య ఏటేటా మంద పెట్టిన చెలక అది.
రాత్రి రాత్రి గొర్లను జరిపి జరిపి
పెంటిక పెంటికతోని పెంచిన మట్టి.
బొగ్గంటే మీకు దొరికింది.
మట్టి మేం చేసుకున్నం.
ఇగ స్వల్పం అంటే ఎంత?
సోలెడా? తవ్వెడా? మానెడా?
కొలిచి చెప్పుండ్రి, కూసుంట."

నోట్ చేసుకున్నాం, అన్నారు పైనుంచి.
కెమెరా పిల్లగాడు చెయ్యెత్తాడు:
బ్యాటరీ అయిపోయింది, రికార్డు కాలేదు.
కొత్తది వేసేదాకా ఐలవ్వ నిలబడే ఉంది.
మళ్లీ మొదటినుంచి చెప్పింది,
ఒక్క మాట పొల్లు పోకుండా.

నేను మూడో వరసలో
నా చేతుల్ని ఒళ్లో దాచుకున్నాను.

వారం తర్వాత అదే కన్సల్టెంట్.
ఈసారి ఇటు నుంచి అటు:
జనం అన్నవి ఇంగ్లిషులోకి.
ఒక్కొక్కరికి రెండు లైన్ల గడి.

మంద పెట్టిన చెలక రెండు లైన్లలో పట్టలేదు.
గడిని కిందికి లాగాను, పేజీ దాటింది.
సోలెడు, తవ్వెడు, మానెడు
ఇంగ్లిషు అక్షరాల్లో అలాగే ఉంచాను.
ఒక్కో మాట కింద కంప్యూటర్
ఎర్రగా వంకర గీత గీసింది.

"తప్పు చూపిస్తుందే అన్నా, తీసెయ్యాల్నా?"

ఉండనీ మొగిలీ, అన్నాను.