లోపలి మిషన్ లేస్తలేదు

పొద్దుగాల నాలుగున్నరకు యాకూబ్ ఫోన్.
"అన్నా, పెద్ద మిషన్ మంచిగనే ఉన్నది,
లోపలి మిషన్ లేస్తలేదు."

హన్మకొండ నుంచి ఎనుమాముల దాక బండి మీద పోతుంటే
యార్డు కనబడకముందే ముక్కుకు తగిలింది
మిర్చి.
గేటు కాడికెల్లి కాంటా రూము దాక బస్తాలే.
బస్తాల మీద మనుషులు, మనుషుల మీద తువ్వాళ్లు,
ఏది సరుకో ఎవరు రైతో
చీకట్ల ఎరుకైతలేదు.

కాంటా లెక్క రాసే ప్రోగ్రాము పాతది.
చేరాలు సారు రాసిండు, రాసి రిటైరయిండు,
రిటైరయిన మూడేండ్లకు పోయిండు.
ఆయన రాసింది కొత్త కంప్యూటర్ల బతకది.
అందుకే రెండేండ్ల కింద నేనే
కొత్త కంప్యూటర్ కడుపుల పాత కంప్యూటర్‌ను పెట్టిన.
కడుపుల ఉన్నట్టు దానికి తెల్వదు.
ఎవరన్న ఫ్లాపీ పెడుతరేమోనని
ఇప్పటికీ లేవంగనే ఒకసారి చూస్తది.

స్టార్ట్ నొక్కిన.
నల్ల తెర. ఎన్క ఎర్ర అక్షరాలు.
మల్ల నొక్కిన. అదే మాట, అదే ఎరుపు.
డిస్కు ఫైలు ఉన్నది. జాగ ఉన్నది.
తాళం ఫైలు మిగిలిందేమో అనుకున్న, లేదు.
మెమరీ తగ్గించి నొక్కిన.
తుమ్మిన.
కీబోర్డు బోర్లించి కొడితే
గింజలు రాలినయి, కారం రాలింది,
ఒక చీమ ఏం గానట్టు నడుచుకుంట పోయింది.

కిటికీ అవతల ఎవరో:
"కరెంటు లేదా సారూ?"
"ఉన్నది."
"మరి?"
ఆ మరికి నా కాడ జవాబు లేదు.

అప్పుడు చూసిన, తెర మూలకు తారీకు:
రెండువేల పదిహేడు, జనవరి ఒకటి.
"రాత్రి కరెంటు పోయిందా యాకూబ్?"
"పోయింది. యూపీఎస్ కూతవెడితే
నువ్వు చెప్పినట్టే లోపలిదాన్ని పండవెట్టి
పెద్దదాన్ని ఆర్పిన."
తప్పు యాకూబ్‌ది కాదు.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటది.
ఎవరూ దాని పేరెత్తరు.
కరెంటు లేని రాత్రి మిషన్ చెవుల
ఇయ్యాల ఏ తారీకో, దేనికేం ఒప్పుకున్నమో
చెప్పుకుంట కూసునేది అదే.
అది చచ్చింది.
పెద్ద మిషన్ అన్నీ మరిచి లేచింది,
ఇంకో మిషన్‌ను మోయమని
నేనిచ్చిన పర్మిషన్‌తో సహా.

ఐదు గంటలకు ఏ దుకాణం తెరుస్తడు?
వాచ్‌మన్ మొగిలి అంతసేపు వింటనే ఉన్నడు.
సంచిలకెల్లి షుగర్ చూసుకునే మిషన్ తీసి
గోరుతోని వెనుక మూత ఊడదీసిండు.
"ఇదేనా?"
ఇదే.
"మరి నీ షుగరు?"
"చూసినా ఎక్కుతది, చూడకున్నా ఎక్కుతది. పట్టు."

బ్యాటరీ వేసి, డిలీట్ మీద వేలు వెట్టి ఆన్ చేసిన.
నీలి తెరల దిగంగ దిగంగ
డిసేబుల్డ్ అని ఒక్క వరుస.
ఎనేబుల్డ్ చేసిన. అంతే.
గంటసేపు తిప్పల, ఒక్క మాట మార్పు.

లోపలి మిషన్ కండ్లు తెరిచింది.
దానికి రాత్రి కాలేదు.
కరెంటు పోలేదు, ఏ బ్యాటరీ చావలేదు,
దానికింకా నిన్న సాయంత్రం ఆరు గంటల పదిహేడు నిమిషాలే.
తక్‌పట్టి తెరిచే ఉన్నది.
రైతు పేరు గడిల "గుగు" దాక కొట్టి ఉన్నది.
పక్కన చిన్న గీత
ఆరుకుంట, వెలుగుకుంట.

యాకూబ్ కిటికీల తల వెట్టి పిలిచిండు.
ముప్పై నాలుగు బస్తాల మీదికెల్లి
ఒక ముసలాయన దిగిండు,
తువ్వాలు దులిపిండు.
"పేరు చెప్పు తాతా."
"రాత్రి చెప్పిన గద!"
"సగమే పడ్డది."
"నేను మొత్తమే చెప్పిన. మీ మిషనే సగం విన్నది.
గుగులోతు బీక్యా."

యాకూబ్ మిగిలిన అక్షరాలు కొట్టిండు.
బయట మొదటి బస్తా కాంటా ఎక్కింది.

బల్ల మీద మొగిలి షుగర్ మిషన్
మూత తెరుచుకొని పడి ఉన్నది.
పదింటికి దుకాణం తీసినంక
రెండు కొనాలె.