నూరో ఎముక

మా బడి సంచిలో తొంభై తొమ్మిది ఎముకలున్నాయి,
గొర్రె వెనక కాలి చీలమండవి,
తరాల పిల్లల వేళ్ళకు అరిగి నునుపెక్కినవి.
నూరోది ఎప్పుడో ఎలక పాలైంది.
దాని చోట సుద్దముక్క పెట్టుకున్నాం.

ఆ ఏడు మంచు ఒకసారి కరిగి, మళ్ళీ గడ్డకట్టి
మైదానమంతా గాజుపలకలా బిగుసుకుంది.
కింద గడ్డి కనబడుతూనే ఉంది.
గిట్టలతో గీరి గీరి
గొర్రెలు నిలబడ్డ చోటే కొయ్యబారాయి.

మార్చిలో పిల్లలు హాస్టలుకి తిరిగొచ్చారు.
వంటగది రేడియోలో ఎవరో తాపీగా చెబుతున్నారు:
"మన ప్రాంతంలో పశునష్టం పన్నెండు శాతం."
మ్యాగ్మర్‌జావ్ చెంచా కింద పెట్టాడు.
"పన్నెండంటే ఎంత టీచర్?"
ఆ పాఠం ఇంకా నలభై పేజీల అవతలుంది.

సంచి బోర్లించాను.

కంబళి మీద వరసకు పది, పది వరసలు.
చివర సుద్దముక్క.
"మందలెన్నయినా కానీ,
అన్నింటినీ ఈ నూటిలోకి కుదించి చూడడమే.
పన్నెండు తీయండి."
తీశారు. ఎనభై ఎనిమిది మిగిలాయి.
కంబళి ఇంకా నిండుగానే ఉంది.
వాడు ఆ నిండుతనాన్ని నమ్మలేదు.

"మావి రెండొందలు. నూటడెబ్బై పోయాయి.
ఎముకలు వందే కదా, ఎట్లా చాలతాయి?"
"ఒక్కో ఎముక రెండు గొర్రెల్ని మోస్తుందనుకో."
జంటలు జంటలుగా తీశాడు,
కొన్నింటిని గుర్తుపట్టి మరీ తీశాడు:
చెవి తెగినది, దాని చెల్లెలు,
ఉప్పు కోసం నా చొక్కా నాకేది...
ఎనభై అయిదు దాకా ఎవరూ దగ్గలేదు.
పదిహేను మిగిలాయి, సుద్దముక్కతో కలిపి.

ఉయంగా వాళ్ళవి ఇరవయ్యే. మూడు పోయాయి.
"మా గొర్రె ఒక్కోటి ఐదెముకలు" అని
నాకంటే ముందే లెక్క తిప్పేసింది.
పదిహేను ఎముకలు పక్కకు జరిపి
"మీకు మిగిలిందీ మాకు పోయిందీ ఒకటే" అంది వాడితో,
ఓదార్పనుకునే అంది, పాపం.
దవాఖూ వాళ్ళకు వెయ్యిలో నూటయాభై.
అవీ పదిహేనే.
"మూడూ నూటయాభై ఒకటేనా!" ఎవరో నవ్వారు.
"కంబళి మీద ఒకటే" అన్నాను.
"పాలు పితికేటప్పుడు?" అడిగింది ఉయంగా.
నా దగ్గర జవాబు లేదు.

మా మంగోల్ మాటలో శాతాన్ని ఖువ్ అంటాం.
పంచుకునే వాటాకీ అదే మాట,
నుదుటిరాతలోనూ అదే మాట.
పద్దెనిమిదేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను,
ఆ పూటే నాలిక మీద దాని బరువు తెలిసింది.
పాఠం ముగించలేక ఒక్క ప్రశ్న రాసి వదిలేశాను:
"దేంట్లో?"
పన్నెండా, దేంట్లో?
ఎనభై అయిదా, ఎవరి వందలో?

మే నెల. కిటికీల్లో దుమ్ముగాలి.
ఇంటికెళ్ళొచ్చిన మ్యాగ్మర్‌జావ్
గుమ్మంలోంచే కేకేశాడు:
"పదిహేను పిల్లలు పుట్టాయి టీచర్!
ముప్పైకి పదిహేను! యాభై శాతం పెరిగాం!"
అచ్చం రేడియో గొంతుతో, ఛాతీ విరుచుకుని.
నేను నోరు తెరిచేలోపే
వాడి చూపు బోర్డు మీదికి పోయింది,
ఎప్పుడో తుడిచేసిన చోటికి.
"ముప్పైలో యాభై" అని సర్దుకున్నాడు,
"రెండొందల్లో కాదు."
వేళ్ళు మడిచి ఇంకేదో లెక్కపెట్టి
మధ్యలో వదిలేశాడు.

జేబులోంచి ఓ ఎముక తీశాడు,
ఉడికించి తోమిన తెలుపు, అంచులింకా గరుకు.
చెవి తెగినదానిది.
"సుద్దయితే అరిగిపోతుంది" అన్నాడు.

సంచిలో వేసి మూతి బిగించాను.
సుద్దముక్కతో ఆ రోజు తేదీ రాశాను.