జామీను

ప్రతి నెలా ఒకటో తారీఖున
జీతం చిట్టీలో ఒక గీత కింద
ఆరువేల మూడువందల నలభై రూపాయలు
పేరు చెప్పకుండానే యేసుపాదాన్ని గుర్తు చేస్తాయి.

లాలాగూడ వర్క్‌షాపులో
పద్దెనిమిదేళ్లు ఒకే బెంచీ మాది.
మెట్టుగూడ చౌరస్తాలో ఒక చాయ్, రెండు కప్పులు.
మీగడున్న సగం వాడికి,
అడుగున చక్కెర మిగిలిన సగం నాకు.
ఎవరికేది ఇష్టమో అడగనక్కర్లేని రోజులు.
సొసైటీ కాగితం ముందుపెట్టి
"నువ్వుంటే చాలన్నా" అన్నాడు.
చదవకుండా సంతకం పెట్టాను.
తమ్ముడి ముఖాన్ని ఎవరైనా చదువుతారా?

వాడు కనిపించకుండా పోయిన పొద్దు
లాకరులో ఒక మసిగుడ్డ,
సగం తిన్న ఉస్మానియా బిస్కెట్ పొట్లం.
చీమలు పట్టేదాకా దాన్ని పారెయ్యలేదు నేను.

మా సువార్త గాజులు మోండా మార్కెట్‌లో తాకట్టుకెళ్లాయి.
అరవలేదు, ఏడవలేదు.
అన్నం వడ్డిస్తూ ఒక్కటే అంది:
"ప్రేమ నీది, వడ్డీ నాది."
ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

సొసైటీ వాళ్లు పిలిచి అడిగితే
ఉన్నది ఉన్నట్టు చెప్పాను.
ఒక్క రూపాయి తగ్గించలేదు,
ఒక్క తిట్టు కలపలేదు.
ఆ రాత్రి మాత్రం మంచం కోడు పట్టుకుని
ప్రభువా, నిన్నే నిలదీశాను.
నీ బల్ల దగ్గరా ఒకడున్నాడు కదా,
నీ గిన్నెలోనే చెయ్యి ముంచినవాడు.
తెలిసీ వాడి కాళ్లెలా కడిగావు?
మడమ దగ్గర నీ చెయ్యి ఒక్క క్షణమైనా ఆగలేదా?
వేళ్ల సందుల్లో మట్టి కూడా తుడిచావా?

నువ్వేమీ చెప్పలేదు.
మర్నాడు షిఫ్టులో
బోగీ కింద వెల్లకిలా పడుకుని స్ప్రింగు చూస్తున్నాను.
ముప్పై ఏళ్లుగా చూస్తున్నదే.
నిలకడంటే బిగించడమే అనుకునేవాణ్ణి.
మరీ బిగిస్తే మర తెగుతుందని
కొత్త కుర్రాళ్లకు చెప్పేదీ నేనే.
బరువు పడ్డప్పుడల్లా అది కుంగుతుంది,
చోటు మాత్రం వదలదు.

నాలుగేళ్లకు వాడొచ్చాడు.
గుడిలో నాకు మూడు వరుసల ముందు,
మెడ వెనక నెరిసిన జుట్టు,
కాలరు తిప్పి కుట్టించుకున్న పాత చొక్కా.
అయ్యగారి ప్రసంగమంతా ఆ మెడకే విన్నాను.
సువార్త పాటల పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

సంస్కారపు వేళ
కటకటాల దగ్గర మోకాళ్లూని కళ్లు తెరిస్తే
పక్కన వాడే.
గిన్నె ముందు వాడి పెదవులకు,
తర్వాత నాకు.
అయ్యగారు అంచు తుడిచారు గాని
తడి పూర్తిగా పోలేదు.
ఆ తడి మీదే తాగాను.
చాలాసేపు మింగలేకపోయాను.

అప్పుడు తట్టింది:
నా అప్పు కాగితం మీదా
చదివి, అంతా తెలిసే
ఎవరో సంతకం పెట్టారని.
ఆ సిరా ఎర్రగా ఉంటుందని.

క్షమించానని మీతో అనను.
ఇంకా పదకొండు వాయిదాలున్నాయి.
ఒకటో తారీఖున పళ్లు కొరుకుతాను, నిజం.
మళ్లీ కాగితం తెస్తే సంతకమూ పెట్టను.

బయట వాన.
అందరూ వెళ్లిపోయాక వేపచెట్టు కింద
వాడు స్కూటరు కిక్కు కొడుతున్నాడు,
ఇరవై సార్లు, ముప్పై సార్లు.
ఆ చప్పుడు వింటేనే తెలిసింది నాకు, జబ్బేమిటో.
సువార్త ఆటో పిలిచింది,
నన్ను చూసింది,
ఒక్కతే ఎక్కి కూర్చుని
ఆటోవాణ్ణి ఆగమంది.

పంచె ఎగ్గట్టి బురదలో మోకాళ్లూనాను.
వాడి కాళ్లు నా కళ్లెదుటే,
తెగిన చెప్పు, పగిలిన మడమ.
పైకి చూడలేదు నేను.
"పదమూడు నంబరు పానా ఇటియ్యి" అన్నాను.
నాలుగేళ్ల తర్వాత నా మొదటి మాట.

చేతులు వణికి పది నంబరుది ఇచ్చాడు.
"అది కాదు" అన్నాను.
చెయ్యి చాపే ఉంచాను.